కర్రీకి జనన ధ్రువపత్రం

కొత్తవేములూరు పురపాలక సంఘం మాటలకి జనన ధ్రువపత్రాలు ఇవ్వడం మొదలుపెట్టిన ఏడాది వానలు బాగానే పడ్డాయి. జ్వరాలు తగ్గాయి. కుళాయిల్లో నీళ్ళు చెప్పిన టైముకే వచ్చాయి. కాబట్టి ఈ పథకానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. అంతా సవ్యంగా ఉన్నప్పుడే ఆఫీసులకి ఆలోచనలు వస్తాయి.

ప్రత్యేకాధికారి చిదంబరేశ్వరరావు గారు రాజధానిలో మూడు రోజుల సదస్సుకి వెళ్ళొచ్చారు. మనం వాడే ప్రతి మాటకీ ఒక పుట్టుక ఉంటుందనీ, అది తెలుసుకోకుండా వాడటం ఆ మాటకి అన్యాయం చేయడమేననీ అక్కడ ఎవరో పెద్దాయన ఉపన్యాసం ఇచ్చాడు. విన్నవాళ్ళు చప్పట్లు కొట్టి భోజనాలకి లేచారు. చిదంబరేశ్వరరావు గారు మాత్రం కూర్చుని నోట్సు రాసుకున్నారు. తిరిగొచ్చిన వారానికల్లా పాత స్టోర్ రూం ఖాళీ చేయించి 'పద జనన నమోదు విభాగం' అని బోర్డు పెట్టించారు. దుకాణాల బోర్డుల మీదున్న ప్రతి ఇంగ్లీషు మాటకీ ఆ దుకాణం వాళ్ళు నోటీసు అందిన నెల్లాళ్ళలో జనన ధ్రువపత్రం తీసుకోవాలి. తీసుకోకపోతే అది అనాథ పదం కింద లెక్క. అనాథ పదమున్న బోర్డుకి గోనెపట్టా కడతారు. గోనెపట్టా ఉన్న కొట్టుకి లైసెన్సు తిరగరాయరు.

రెండు నెలలయ్యేసరికి సగం బజారు గోనెపట్టాల్లో ఉంది. మెడికల్ షాపు ఏదో తెలియక ఒకాయన దగ్గుమందు కోసం టైర్ల కొట్టుకి వెళ్ళాడు. క్షవరానికి బయల్దేరిన ఇంకొకాయన టైలర్ చేతిలో కత్తెర చూసి, ఇదే అయ్యుంటుందని స్టూలు మీద కూర్చుని తల వంచాడు.

సత్యవేణికి నోటీసు వచ్చింది మంగళవారం పొద్దున, దొండకాయ వేపుడు దింపుతుండగా. ఆవిడది సత్యవేణి కర్రీ పాయింట్. అన్నం ఎవరిళ్ళలో వాళ్ళు వండుకుని, కూరా పప్పూ పులుసూ ప్యాకెట్లలో పట్టుకెళ్ళే కొట్టు. పదకొండేళ్ళ కిందట ఊళ్ళో మొట్టమొదట తెరిచిన కర్రీ పాయింట్ అదే. ఆవిడా, మొగుడు సూరిబాబూ తెల్లారుజామునే లేచి పది రకాలు వండుతారు. కూతురు హిమజ కంప్యూటర్ డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతోంది. ఆ చదువు ఆ కొట్టు మీదే నడుస్తోంది.

సత్యవేణి ఏడో తరగతి దాకా చదివింది. చదివిన చదువుకన్నా పడే భయం ఎక్కువ. ఫోను మోగితే ఎవరికో ఏదో అయిందంటుంది, మోగకపోతే చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదేమో అంటుంది. హిమజ కాలేజీ నుంచి పావుగంట ఆలస్యమైతే బస్సు కాలవలో పడినట్టూ, అందరూ ఈది గట్టెక్కినట్టూ, తన కూతురు ఒక్కతే బ్యాగు బరువుకి ఆగిపోయినట్టూ కళ్ళకి కట్టేస్తుంది. అలాంటి మనిషి చేతిలో సర్కారు ముద్ర ఉన్న కవరు పెడితే ఇంకేముంది. గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

నోటీసు తెచ్చింది విభాగంలో జూనియర్ అసిస్టెంట్ ఎస్తేరు రాణి. పాపం ఆ అమ్మాయే చదివి వినిపించింది.

"తమరి నామఫలకముపై 'కర్రీ' అను పదము గత పదకొండు సంవత్సరములుగా నివాసముండి, తమరిచే పోషింపబడుచున్నట్లు ఈ కార్యాలయ దృష్టికి వచ్చినది. సదరు పదము యొక్క జననము, తల్లిదండ్రులు, కుటుంబ సభ్యుల వివరములు నెలాఖరులోగా సమర్పించనియెడల, అట్టి పదమును అనాథగా ప్రకటించి తగు చర్య తీసుకొనబడును."

'పాయింట్' సంగతేమిటని సూరిబాబు అడిగాడు. అది ఊళ్ళో నలభై కొట్లకి ఉంది కాబట్టి ఉమ్మడి ఫైలు కింద వేరే నడుస్తోందని రాణి చెప్పింది. కర్రీ మాత్రం ఈ ఊళ్ళో మొదట బోర్డుకెక్కించింది సత్యవేణి గనక, ఆ బాధ్యత ఆవిడదే.

తగు చర్య అంటే ఏమిటన్నది సత్యవేణి అప్పటికే ఆలోచించేసింది. బోర్డు కనపడదు. గిరాకీ రాదు. లైసెన్సు పోతుంది. హిమజ చదువు ఆఖరి మెట్టు మీద ఆగిపోతుంది. ఆ తర్వాత పోలీసులు వస్తారు.

"జైలుకెళ్తే వెళ్ళావులే, అక్కడ వంటన్నా బాగుపడుద్ది," అన్నాడు సూరిబాబు, వేపుడు మాడకుండా తిప్పుతూ.

ఆ మధ్యాహ్నమే ఆవిడ హిమజని వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్ళింది. ఆలోచించి ఒక ఉపాయం కూడా పట్టుకెళ్ళింది. కర్రీ తీసేసి కూరల కొట్టు అని రాయించేస్తానండి, గొడవ వదిలిపోతుంది అని చెప్పుకుంది.

చిదంబరేశ్వరరావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన చెడ్డవారు కారు. ఎవరినీ కసిరి ఎరగరు. వచ్చినవాళ్ళకి కుర్చీ వేయించి, మంచినీళ్ళు ఇప్పించి, ఆ తర్వాతే నియమాలు చదువుతారు.

"అమ్మా, పదకొండు సంవత్సరాలు ఆ పదం మీద బతికారు. ఇప్పుడు కాగితాలు అడిగేసరికి వీధిలో వదిలేస్తామంటున్నారు. దీన్ని నియమావళిలో పద పరిత్యాగం అంటారు. తొమ్మిదో నియమం చదవమంటారా?"

సత్యవేణి వద్దంది. తనను చూస్తే పిల్లని కుప్పతొట్టిలో పారేసే మనిషిలా కనపడుతోందా అని ఆవిడకి ఏడుపొచ్చినంత పనయింది. దరఖాస్తు ఫారం తీసుకుని ఇంటికొచ్చింది.

ఫారం మామూలు జనన ధ్రువపత్రానిదే. బిడ్డ అన్నచోట కొట్టేసి పదము అని ముద్ర వేశారు. పుట్టిన తేదీ, పుట్టిన స్థలం, ప్రసవం ఇంటివద్దనా ఆసుపత్రిలోనా, పురుడు పోసినవారెవరు, తల్లి పేరు, తండ్రి పేరు. హిమజ రెండ్రోజులు ఫోన్లో వెతికి, కాలేజీ లైబ్రరీలో లావుపాటి నిఘంటువులు తిరగేసి, ఒక్కొక్కటే తల్లికి చెప్పింది. తమిళదేశం వైపు అన్నంలోకి కలుపుకునేదాన్ని కరి అనేవారట. ఓడల మీద వచ్చిన పోర్చుగీసువాళ్ళు అది విని రాసుకున్నారు. వాళ్ళ దగ్గర్నుంచి ఇంగ్లీషువాళ్ళు పట్టుకుపోయారు. నాలుగొందల ఏళ్ళ పైమాట.

"ఓడ ఎక్కించేశారా? ఇంట్లోవాళ్ళని అడగకుండానే?" అంది సత్యవేణి.

మాటని అడిగి ఎక్కించేదేమిటమ్మా అని హిమజ నవ్వింది. సత్యవేణి నవ్వలేదు. నాలుగొందల ఏళ్ళంటే తేదీ ఎవరికి గుర్తుంటుంది, పురుడు పోసినావిడ ఎప్పుడో పోయుంటుంది, సాక్షి ఎక్కడ దొరుకుతుంది అని ఆవిడ గోల ఆవిడది. చివరికి ఇంటివద్ద అన్నచోట టిక్కు పెట్టి, పక్కన వంటింట్లో అని రాయించింది. అది ఒక్కటే ఆవిడకి గట్టిగా తెలిసిన సంగతి.

ప్రత్యేకాధికారి గారు ఫారం చూసి తృప్తిపడ్డారు. పుట్టిన చోటు తమ పరిధి దాటిపోయింది గానీ, పదకొండో నియమం ప్రకారం పెరిగిన చోటు ఆధారంగా నమోదు చేయవచ్చునన్నారు. సత్యవేణి ప్రాణం కుదుటపడింది. అప్పుడాయన ఇంకో కాగితం తీశారు. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ.

"ఈ పేరుతో ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగారు.

ఇక్కడ హిమజ ఒక పొరపాటు చేసింది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇంగ్లీషులో కర్రీ అంటే గుర్రం ఒంటిని దువ్వి శుభ్రం చేయడం కూడానట. తోలుని పదును చేయడం కూడా అదే మాట. పెద్దవాళ్ళ మెప్పుకోసం కాకా పట్టడాన్ని కూడా అదే మాటతో చెబుతారట. అయితే అవి ఫ్రెంచి వైపు నుంచి వచ్చినవి, మన కర్రీకీ వాటికీ రక్తసంబంధం లేదు. తన కంప్యూటర్ పాఠంలో కూడా ఒక కర్రీ ఉంది. అది ఎవరో లెక్కల పండితుడి ఇంటిపేరు.

చిదంబరేశ్వరరావు గారు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. తర్వాత చెప్పారు. ఒకే పేరు. ఒకే కప్పు కింద ఐదుగురు. తల్లులు వేరు. అంటే ఇది సవతి కుటుంబం. ఇలాంటిచోట ఒక్క బిడ్డ పేర పత్రం ఇచ్చేస్తే రేపు మిగతావాళ్ళు కోర్టుకెక్కుతారు. కాబట్టి సవతి అర్థాల నుంచి ఒక్కొక్కటీ నిరభ్యంతర పత్రం తేవాలి. పదిరోజులు గడువు.

సత్యవేణి మెట్లు దిగుతూ కూతురి చెయ్యి పట్టుకుంది. ఇంకెప్పుడూ ఎవరడిగినా తెలిసిందంతా చెప్పకే తల్లీ అంది.

ఊళ్ళో గుర్రం ఒక్కటే ఉంది. పెళ్ళి ఊరేగింపులకి అద్దెకిచ్చే మస్తాన్ వలీది. సత్యవేణి గోంగూర మాంసం ప్యాకెట్టు ఒకటి తీసుకుని వెళ్ళి విషయం చెప్పింది. మస్తాన్ ఏమీ ఆశ్చర్యపోలేదు. పెళ్ళివారి కన్నా వింత మాటలు ఎవరూ మాట్లాడలేరని ఆయన అనుభవం. తన గుర్రానికి కూరతో గతంలో ఎలాంటి తగాదా లేదనీ, ఇకముందు పెట్టుకోదనీ కాగితం మీద సంతకం చేశాడు. కాళ్ళున్న అర్థానికి ప్రతినిధి సంతకం చాలదు, అది స్వయంగా గుర్తు వేయాలన్నారు ఆఫీసులో. మళ్ళీ వెళ్ళింది. స్టాంపు ప్యాడ్ మీద పెట్టి గిట్ట ముద్ర వేయించారు. ముద్ర కాగితం దాటిపోయింది. పెద్ద కాగితం మీద వేయించి తీసుకెళ్ళింది. గుర్రం తన్నితే తన పక్కటెముకలు ఎన్ని విరుగుతాయో, అప్పుడు పప్పు పోపు ఎవరు పెడతారో అనుకుంటూనే ఆవిడ ఈ పని పూర్తిచేసింది.

తోలు తరఫున బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే దానయ్య వేలిముద్ర వేశాడు. కంప్యూటర్ తరఫున హిమజ వాళ్ళ లెక్చరర్ సంతకం పెట్టాడు. తన ఉద్యోగం పర్మనెంట్ చేయించడానికి కూడా ఇలాంటి కాగితమేదైనా ఉందేమో కనుక్కోమన్నాడు. కాకా పట్టే అర్థానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో సత్యవేణికి తోచలేదు. ఆ మాట ఆఫీసులో అడిగితే సిబ్బందిలో నలుగురు తమంతట తామే ముందుకొచ్చి సంతకాలు చేశారు. ప్రత్యేకాధికారి గారి దూరదృష్టి వల్లనే ఇంతటి కార్యం సాధ్యపడిందని కింద రెండేసి వాక్యాలు కూడా రాశారు.

నెలాఖరు రోజు వచ్చింది. పొద్దున్నే పురపాలక సంఘం వాళ్ళు గోనెపట్టా, పురికొస తెచ్చి కొట్టు గుమ్మంలో పెట్టి టీకి వెళ్ళారు. సాయంత్రం ఐదింటికల్లా పత్రం రాకపోతే కట్టేస్తామన్నారు. సత్యవేణి ఆ పట్టాని చూస్తూ వంట చేయలేక, గిన్నెలన్నీ మొగుడికి అప్పగించి ఆఫీసుకి పరిగెత్తింది.

అన్ని కాగితాలూ సరిపోయాయి. ఎస్తేరు రాణి కంప్యూటర్ ముందు కూర్చుని ఎక్కించడం మొదలుపెట్టింది. పేరు, కర్రీ. లింగం, ఆడ. అలా ఎందుకు పెట్టావని ఎవరూ అడగలేదు. పుట్టిన సంవత్సరం దగ్గర పదహారు వందలు వేస్తే కంప్యూటర్ తీసుకోలేదు. అంత పెద్దవాళ్ళు ఇంకా బతికున్నారని అది నమ్మదని రాణి చెప్పింది. చిదంబరేశ్వరరావు గారు ఆలోచించి, ఈ ఊరి రికార్డులో కర్రీ కళ్ళు తెరిచింది కొట్టు తెరిచిన రోజునే కాబట్టి ఆ తేదీ వేయమన్నారు. కంప్యూటర్ సంతోషంగా తీసుకుంది.

తండ్రి పేరు దగ్గర తెలియదు అని కొడితే అదీ తీసుకుంది. తల్లి పేరు దగ్గర ఆగింది. ఖాళీగా వదిలితే ముందుకు పోదు. తెలియదు అంటే ఒప్పుకోదు. తమిళదేశం అని కొడితే ఆధార్ నంబరు అడిగింది.

నాలుగున్నర అయింది.

"ఎవరో ఒకరు తల్లి కావాలి. నియమం అది," అన్నారు ప్రత్యేకాధికారి గారు. ఆయన గొంతులో మొదటిసారి కాస్త ఇబ్బంది వినపడింది.

రాణి తలెత్తకుండానే చెప్పింది. కన్నవాళ్ళు దొరకట్లేదు, ఓడలెక్కించుకుపోయినవాళ్ళు ఎటూ రారు, పదకొండేళ్ళుగా పొద్దున్నే లేచి దాన్ని చూసుకుంటున్నది మాత్రం ఈవిడే కదండీ, అని.

అందరూ సత్యవేణి వైపు చూశారు.

సత్యవేణికి ఒక్క క్షణంలో చాలా భయాలు వేశాయి. రేపు ఇది ఇంట్లో వాటా అడుగుతుందేమో. హిమజకి సంబంధం కుదిరినప్పుడు చెల్లెలు ఏదంటే ఏం చెప్పాలి. లోకమంతా తిరిగే పిల్ల, ఎక్కడ ఎవరికి కడుపునొప్పి వచ్చినా పేచీ తన మీదికే వస్తుందేమో. కానీ గోనెపట్టా గుమ్మంలో ఉంది. ఆవిడ కొంగు ముడి విప్పి ఆధార్ కార్డు బయటికి తీసింది.

"రాసుకోండి బాబూ," అంది.

ఐదింటికి ఐదు నిమిషాలుండగా పత్రం చేతికొచ్చింది. పట్టా తెచ్చినవాళ్ళు దాన్ని చుట్టుకుని వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ రెండు ప్యాకెట్లు పప్పుచారు కట్టించుకున్నారు. లైసెన్సు వారంలో వచ్చింది. హిమజ ఆ పత్రం చూసి, పెద్దదాన్ని నేనుండగా ఇన్నాళ్ళూ చెల్లెల్ని దాచిపెట్టారా అని తల్లిని ఏడిపించింది. సూరిబాబు తండ్రి పేరు దగ్గర తెలియదు అని ఉండటం చూసి రెండ్రోజులు ముభావంగా ఉన్నాడు.

కథ అక్కడితో అయిపోవాలి. కానీ సర్కారు వారి కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయని సత్యవేణికి తెలియదు.

జూన్ నెలలో బడి బయటి పిల్లల సర్వే అంటూ పక్క వీధి పురపాలక పాఠశాల నుంచి నాగమునీశ్వర్ అనే కుర్ర మాస్టారు జాబితా పట్టుకుని వచ్చాడు. ఈ ఇంట్లో పదకొండేళ్ళు నిండిన ఆడపిల్ల ఒకతి ఉందనీ, పేరు కర్రీ అనీ, ఇంతవరకు ఏ బడిలోనూ చేరినట్టు లేదనీ చెప్పాడు. పిల్లని ఒకసారి పిలవమన్నాడు.

సత్యవేణి చేతిలో కూరగాయల బుట్ట కింద పెట్టింది. లేదంటే పత్రం తప్పవుతుంది, పత్రం తప్పయితే పట్టా మళ్ళీ గుమ్మంలోకి వస్తుంది. ఉందంటే పిల్లని బడికి పంపని తల్లి అవుతుంది. రెండిటిలో ఏది పెద్ద నేరమో ఆవిడ తూచుకునేలోగా మాస్టారు పెన్ను తీశాడు. ఆయన కూడా కొత్త. ఆయన పై కూడా ఎవరో ఉన్నారు. జాబితాలో ఒక్క పేరు మిగిలినా జీతం ఆపేస్తారట. ఏమీ అనుకోకండమ్మా, ఏదోలా చేర్పించండి, రోజూ హాజరు పడితే చాలు, అని ఆయన చేతులు జోడించినంత పని చేశాడు.

అక్కడికి ఇద్దరు భయస్థులు ఎదురుపడ్డారు. ఇలాంటప్పుడు పని త్వరగా అయిపోతుంది. ఆరో తరగతి, బీ సెక్షన్. సంతకం పెట్టేసింది.

ఆ వారమంతా ఆవిడకి ఒకటే ఆలోచన. పేరు పిలుస్తారు, ఎవరూ పలకరు. మూడు రోజులు పలక్కపోతే నోటీసు వస్తుంది. నోటీసు ఆ చిదంబరేశ్వరరావు గారి బల్ల మీదికే వెళ్తుంది. అదొక్కటే కాదు. ఎవరికీ చెప్పలేదు గానీ, ఆవిడకి ఇంకో బెంగ కూడా పట్టుకుంది. పరాయి దేశాల్లో కర్రీలో ఎండు ద్రాక్షా ఆపిల్ ముక్కలూ వేస్తారని హిమజ ఎప్పుడో చదివి చెప్పింది. అసలే నోరులేనిది. ఎవరేం వేసినా పడి ఉంటుంది.

సోమవారం పొద్దున సత్యవేణి అందరికన్నా ముందు లేచింది. బంగాళాదుంపలు ఉడకబెట్టి, కారం తగ్గించి, కొంచెం కొబ్బరి వేసి కూర చేసింది. చిన్నపిల్లల మధ్య కూర్చోవాల్సింది, ఘాటు పనికిరాదు. కొత్త స్టీలు డబ్బా కడిగి తుడిచి అందులో పెట్టింది. మూత బిగించింది. రోడ్డు దాటేటప్పుడు రెండు చేతులతో పట్టుకుంది, ఆటోలన్నీ పోయేదాకా ఆగింది.

ఆవిడ బీ సెక్షన్ గుమ్మంలోకి చేరేసరికి నాగమునీశ్వర్ మాస్టారు హాజరు పట్టీ తెరిచి ఉన్నాడు. పిల్లలు ఒక్కొక్కరే పలుకుతున్నారు. ఆయన ఒక పేరు దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, తల ఎత్తకుండా పిలిచాడు.

"కర్రీ."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"వచ్చిందండీ," అంది సత్యవేణి, డబ్బా రెండు చేతులతో ముందుకు చాపి. "వేడిగా ఉంది మాస్టారూ, కాస్త చూసి కూర్చోబెట్టండి."